గరుకు అక్షరాలు, కళ్ళ గంతలు

పోయిన వేసవిలో మా మేనకోడలు విజయవాడ నుండి ఫోను చేసింది. వాళ్ళ బాబుకి నాలుగేళ్ళు నిండాయి. చేర్పించాలనుకున్న ప్లే స్కూలు వాళ్ళు మామూలు ఫీజు కాక ఇంకో పద్దు చూపించారట. పిల్లాడి తలకి వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్ పెడతారు, చేతికి ఒక గ్లౌజు వేస్తారు. కళ్ళ ముందు గాల్లో 'అ' కనిపిస్తుంది, దాన్ని ముట్టుకుంటే చేతికి తెలుస్తుంది. కరపత్రంలో మాంటిస్సోరి పేరు ఉంది, రంగుల్లో మెదడు బొమ్మ కూడా ఉంది.

"మావయ్యా, నీకు తాయెత్తులూ మంత్రాలూ గిట్టవు, సరే. ఇది సైన్సే కదా, కట్టెయ్యమంటావా?" అని అడిగింది.

ఆ "సైన్సే కదా" దగ్గర నేను ఆగాను. మన హేతువాదులకి ఒక అలవాటు ఉంది. విభూతి రాలితే ఋజువు అడుగుతాం, వైరు వేలాడితే అడగం. కంప్యూటరు ఉన్నంత మాత్రాన అది చెప్పే మాట సైన్సు అయిపోదు. పంచాంగం కూడా ఇప్పుడు కంప్యూటర్లోనే వేస్తున్నారు. అందుకని ఈ స్పర్శ చదువు ఎక్కడి నుండి వచ్చింది, ఎవరు ఏమి కనుక్కున్నారు, ఎవరు ఏమి అమ్ముకున్నారు అని కొన్నాళ్ళు పాత కాగితాలు తిరగేశాను. రెండు వందల ఏళ్ళ పైబడిన కథ ఇది. ఇందులో మంచి పరిశోధన ఉంది, పచ్చి మోసమూ ఉంది. చాలాసార్లు రెండూ పక్క పక్కనే కూర్చున్నాయి.

మన నేల మీద నుంచే మొదలుపెడతాను. 1823 ఆగస్టులో బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ మద్రాసుకి ఒక నివేదిక పంపాడు. గవర్నరు థామస్ మన్రో ప్రెసిడెన్సీ అంతటా వీధి బడుల లెక్కలు తీయిస్తున్న రోజులవి. ఈ క్యాంప్‌బెల్ మన భాష తెలిసినవాడు, 1816లో ఇంగ్లీషులో తెలుగు వ్యాకరణం అచ్చు వేయించాడు. అతని లెక్కలో జిల్లాలో 533 బడులు ఉన్నాయి. వాటిలో 226 తెలుగువి, 235 కన్నడవి. చదువుకునేవాళ్ళు 6,641 మంది, అందులో ఆడపిల్లలు 60 మంది. జిల్లా జనాభా తొమ్మిది లక్షల పైచిలుకు.

లెక్కల కన్నా నాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది చదువు చెప్పే పద్ధతి మీద అతను రాసిన భాగం. ఐదో ఏట పిల్లవాడిని బడిలో వేసే రోజు వేలు పట్టుకుని బియ్యంలో రాయిస్తారు. ఆ తరువాత నేల మీద పోసిన ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దిస్తారు. అది చేతికి బాగా అలవాటయ్యాకే తాటాకూ గంటమూ, లేదా కాగితమూ కలమూ. ఐరోపాలో పిల్లలు ముందు నోటితో అక్షరాలు వల్లిస్తారు, ఇక్కడ అలా కాదు, ఇసుకలో రాస్తూనే నేర్చుకుంటారు అని కలెక్టరు ప్రత్యేకంగా గమనించి రాశాడు. అంటే కళ్ళు, నోరు, వేలు మూడూ ఒకేసారి పని చేస్తాయి. ఇసుక చేతికి ఎదురు తిరుగుతుంది, గీత లోతుగా పడుతుంది, తప్పు రాస్తే అరచేత్తో చెరిపేయొచ్చు. ఖర్చు లేదు.

ఇక్కడ "చూశారా, మన పూర్వులకి అన్నీ తెలుసు" అని సంబరపడేవాళ్ళు ఉంటారు. 1983లో ధర్మపాల్ ఈ నివేదికల్ని 'ది బ్యూటిఫుల్ ట్రీ' అనే పుస్తకంగా తెచ్చినప్పటి నుండి ఆ సంబరం ఎక్కువయింది. వాళ్ళు అదే నివేదికలో మిగతా భాగం కూడా చదవాలి. పిల్లలు పద్యాలు చిలకల్లా అప్పజెబుతారు కానీ అర్థం తెలియదు, వివరించగలిగే అయ్యవార్లు కూడా కొద్దిమందే అని క్యాంప్‌బెల్ అక్కడే రాశాడు. జనాభాలో వెయ్యికి ఏడుగురే బడికి వెళ్తున్నారు, ఆడపిల్లలు దాదాపు లేనే లేరు. ఇసుక అక్షరం ఆకారాన్ని నేర్పింది. అర్థాన్ని నేర్పలేదు, బడి తలుపునీ తెరవలేదు. స్పర్శకి ఎంత శక్తి ఉందో అంతే ఉంది అన్న సంగతి 1823లోనే కాగితం మీద ఉంది.

ఈ ఇసుక సముద్రం కూడా దాటింది. మద్రాసు ఎగ్మోరులో అనాథ బాలుర ఆశ్రమానికి 1789లో ఆండ్రూ బెల్ అనే పాదిరీ అధికారి అయ్యాడు. దగ్గర్లో ఒక వీధి బడిలో పిల్లలు ఇసుకలో వేలితో రాయడం చూసి తన ఆశ్రమంలోనూ పెట్టమన్నాడు. కింద పనిచేసే ఉపాధ్యాయుడు మొరాయించాడు. అప్పుడు బెల్ ఆ పని ఎనిమిదేళ్ళ కుర్రాడికి అప్పజెప్పాడు. పిల్లలకి పిల్లలే చదువు చెప్పే 'మద్రాసు పద్ధతి' అలా పుట్టింది. 1797లో లండన్‌లో దాని మీద పుస్తకం వేశాడు, తరువాత ఇంగ్లండు పేదల బడుల్లోకి ఇసుక పళ్ళేలు వెళ్ళాయి. మన పిల్లలకి ఇప్పుడు హెడ్‌సెట్ అమ్ముతున్నవాళ్ళ కరపత్రంలో ఈ సంగతి ఒక్క ముక్క లేదు. ఇసుక మీద కమీషను రాదు మరి.

ఇంకో దారి ఫ్రాన్సులో మొదలయింది. 1800లో అవేరాన్ అడవుల ప్రాంతంలో ఒక పిల్లవాడు దొరికాడు. మాట రాదు, మనుషులతో మెలిగిన జాడ లేదు. ఇతార్ అనే యువ వైద్యుడు పారిస్‌లో అతనికి విక్టర్ అని పేరు పెట్టి ఐదారేళ్ళు చదువు చెప్పాడు. 1801లో ఒకటి, 1806లో ఒకటి నివేదికలు రాశాడు. లోపల కనిపించని కూజాలో చేయి పెట్టించి, తడిమి వస్తువులు గుర్తుపట్టడం నేర్పాడు. ఆ తరువాత లోహపు అక్షరాలు అదే విధంగా తడిమించాడు. విక్టర్ స్పర్శ పదునెక్కింది, కొన్ని మాటలు అక్షరాలతో పేర్చగలిగాడు. మాట్లాడటం మాత్రం రాలేదు. ఇతార్ తన వైఫల్యాన్ని దాచుకోకుండా రాసిపెట్టాడు. ఈ రంగంలో అరుదైన గుణం అది. నాకు అతనంటే గౌరవం అందుకే.

ఇతార్ శిష్యుడు సెగ్యాఁ ఆ పద్ధతుల్ని మానసిక ఎదుగుదల తక్కువగా ఉన్న పిల్లల కోసం పెంచాడు. వీళ్ళిద్దరి పుస్తకాల్ని ఇటలీలో మరియా మాంటిస్సోరి స్వయంగా చేత్తో అనువదించుకుని చదివింది. ఆమె 1896లో పట్టా తీసుకున్న డాక్టరు. 1907 జనవరి 6న రోము నగరంలో శాన్ లొరెంజో అనే పేదల వాడలో మొదటి 'పిల్లల ఇల్లు' తెరిచింది. అంతకు ముందు ఆమె దగ్గర చెక్కతో చేయించిన ఖరీదైన అక్షరాలు ఉండేవి. ఇక్కడ అలాంటివి చేసిపెట్టేవాళ్ళు దొరకలేదు. దాంతో కాగితంతో అక్షరాలు కత్తిరించింది, దిద్దడానికి గరుకు కాగితం వాడింది. మన వడ్రంగులు ఉప్పు కాగితం అంటారే, అదే. పిల్లలు రెండు వేళ్ళతో ఆ గరుకు గీత వెంబడి వెళ్తూ అక్షరం శబ్దం పలుకుతారు. ఇవాళ ఖరీదైన 'మాంటిస్సోరి కిట్ల'లో పాలిష్ పెట్టిన చెక్క మీద అంటించి అమ్మే అక్షరాలు మొదట పుట్టింది చేతిలో చెక్క అక్షరాలు లేకపోవడం వల్ల!

మాంటిస్సోరి ఇంకో పని కూడా చేసింది. పిల్లల కళ్ళకి గుడ్డ కట్టి, నూలు ఏది పట్టు ఏది, ఈ చెక్క దిమ్మ ఆకారం ఏమిటి అని తడిమి చెప్పించేది. పిల్లలకి అదొక ఆట. ఈ గంతల్ని గుర్తుపెట్టుకోండి, వీటితో మనకి పని ఉంది.

1939లో మాంటిస్సోరి కొడుకు మారియోతో కలిసి మద్రాసు వచ్చింది. పిలిచింది అడయారు దివ్యజ్ఞాన సమాజం వాళ్ళు, అంటే అరండేల్. 1940లో ఇటలీ యుద్ధంలో దిగగానే బ్రిటిషు ప్రభుత్వం మారియోని నిర్బంధంలో పెట్టింది, ఆమెని సమాజం ఆవరణ దాటవద్దంది. ఆగస్టు 31న ఆమె డెబ్భయ్యో పుట్టినరోజు నాటికి కొడుకుని వదిలారు. 1946 దాకా ఆమె ఈ దేశంలోనే ఉంది, వందల మంది ఉపాధ్యాయులకి శిక్షణ ఇచ్చింది. మంచిదే. కానీ ఆ రోజుల నుండి ఆమె పద్ధతికి 'విశ్వ చైతన్యం' లాంటి మాటల పొగ కూడా అంటుకుంది. పద్ధతిలో పరీక్షకి నిలిచే భాగం వేరు, పొగ వేరు. విడదీసి చూడటం మన పని.

విమర్శ లేకుండా పోలేదు. ఇంద్రియాలకి శిక్షణ ఇస్తే బుద్ధి మొత్తం పదునెక్కుతుందనే నమ్మకాన్ని 1901లోనే అమెరికాలో థార్న్‌డైక్, వుడ్‌వర్త్ ప్రయోగాలు దెబ్బ కొట్టాయి. ఒక పనిలో వచ్చిన నేర్పు దానికి దగ్గరగా ఉన్న పనులకే కొంత అందుతుంది, అన్నిటికీ పాకదు. 1914లో కిల్‌పాట్రిక్ ఈ వాదాన్నే మాంటిస్సోరి పద్ధతి మీద ఎక్కుపెట్టాడు. ఆ విమర్శలో ఈ ముక్క ఈనాటికీ చెల్లుతుంది. గరుకు 'అ'ని దిద్దితే 'అ' వస్తుంది. దానితో లెక్కలూ తెలివీ పెరుగుతాయని ఎవరైనా అంటే ఋజువు చూపించే భారం వాళ్ళది.

ఇప్పుడు గంతల సంగతి. 1960లలో సోవియట్ దేశంలో నిఝ్ని తగీల్ పట్టణానికి చెందిన రోజా కులెషోవా అనే యువతి కళ్ళకి గంతలు కట్టుకుని వేళ్ళతో రంగులు, అచ్చు అక్షరాలు చదువుతుందని గొప్ప ప్రచారం జరిగింది. 1964లో 'లైఫ్' పత్రిక కూడా ఎత్తుకుంది. 1966లో మార్టిన్ గార్డ్‌నర్ 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసం రాసి గుట్టు చెప్పాడు. ముక్కుకి అటూ ఇటూ ఉండే సందు నుండి కిందికి చూడొచ్చు. ఎంత గుడ్డ కట్టినా, పిండి ముద్దలు పెట్టినా ఆ సందు పూర్తిగా మూయడం కష్టమని గారడీ వాళ్ళందరికీ తెలుసు.

యాభై ఏళ్ళ తరువాత ఇదే విద్య 'మిడ్ బ్రెయిన్ యాక్టివేషన్' అని పేరు మార్చుకుని మన ఊళ్ళకి వచ్చింది. పిల్లవాడికి రెండు రోజులు ఏదో సంగీతం వినిపిస్తారు, వేల రూపాయలు తీసుకుంటారు. ఆ తరువాత వాడు కళ్ళకి గంతలతో కార్డు రంగు చెబుతాడు, పుస్తకం తడిమి చదువుతాడు. అఖిల భారత హేతువాద సంఘాల సమాఖ్య నాయకుడు నరేంద్ర నాయక్ ఊరూరా తిరిగి దీన్ని బయటపెట్టారు. మా జిల్లాలో మేము చూసిన ప్రదర్శనలోనూ కార్డుని తల పైకి ఎత్తి పట్టుకోగానే పిల్లవాడి శక్తి పోయింది. కింద ఒళ్ళో పెట్టగానే తిరిగి వచ్చింది. నాకు కోపం వచ్చింది నిర్వాహకుల మీద కాదు, మోసం వాళ్ళ వృత్తి. తాను చూస్తున్నట్టు ఆ పిల్లవాడికి తెలుసు. చెబితే అమ్మా నాన్నా బాధపడతారని వాడు అబద్ధం మోస్తున్నాడు. తొమ్మిదేళ్ళవాడు! వేలిముద్రలు చూసి పిల్లల తెలివితేటలు చెప్పే డి.ఎం.ఐ.టి. అనే పరీక్ష కూడా ఈ కోవలోదే. దానికి శాస్త్రీయ ఆధారం లేదని భారత మానసిక వైద్యుల సంఘం 2019లో ప్రకటించింది. అయినా కొన్ని ప్లే స్కూళ్ళు ఈ పరీక్ష చేయిస్తూనే ఉన్నాయి.

కాబట్టి వేలికి నిజంగా ఏమి తెలుసు? ఇక్కడ రెండు పాత ప్రయోగాలు చెప్పాలి. ఈ వ్యాసం మొత్తంలో నాకు ముఖ్యమైనవి ఇవే.

1962లో జె.జె. గిబ్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బిస్కట్లు కోసే రేకు అచ్చుల్ని తీసుకున్నాడు. నక్షత్రం, త్రికోణం లాంటివి. మనిషికి కనపడకుండా వాటిని అరచేతిలో నొక్కితే ఆకారం సరిగ్గా చెప్పింది సుమారు 49 శాతం సార్లు. అదే మనిషి తన వేళ్ళతో తానే తడుముకుంటే 95 శాతం. చర్మం అదే, అచ్చు అదే. తేడా అల్లా చేయి తానుగా కదలడంలో ఉంది.

1963లో హెల్డ్, హైన్ అనే ఇద్దరు చీకట్లో పెంచిన పిల్లికూనల్ని జంటలుగా ఒక రాట్నానికి కట్టారు, మొత్తం పది జంటలు. ఒక కూన తన కాళ్ళతో నడుస్తుంది. రెండోది చిన్న తొట్టెలో కూర్చుని ఉంటుంది, మొదటిది నడిస్తే అదీ తిరుగుతుంది. ఇద్దరికీ కనపడే దృశ్యం ఒకటే. కొన్నాళ్ళకి నడిచిన కూన లోతు గమనించి జాగ్రత్తగా అడుగు వేసింది. తొట్టెలో కూర్చున్నది వేయలేకపోయింది. తిరిగి మామూలు చోట వదిలాక అదీ నేర్చుకుందనుకోండి. పిల్లికూన నుండి మనిషి పిల్లకి నేరుగా దూకకూడదు, ఒప్పుకుంటాను. కానీ హెడ్‌సెట్ పెట్టుకుని కుర్చీలో కూర్చున్న నాలుగేళ్ళ పిల్లవాణ్ణి చూస్తే నాకు ఆ తొట్టె గుర్తుకు రాక మానదు.

ఇక యంత్రాల వంతు. 1965లో ఐవన్ సదర్లాండ్ ఒక చిన్న వ్యాసంలో కంప్యూటరే పదార్థాన్ని నడిపే గదిని ఊహించాడు. అందులో కనిపించే కుర్చీ మీద నిజంగా కూర్చోవచ్చట! 1968లో తలకి తగిలించుకునే మొదటి కంప్యూటర్ తెరల్లో ఒకటి చేసి చూపించాడు. బరువు మోయలేక దాన్ని పైకప్పు నుండి వేలాడదీశారు. 1967 నుండే నార్త్ కరోలినాలో ఫ్రెడ్ బ్రూక్స్ బృందం అణువుల మధ్య ఆకర్షణ వికర్షణల్ని శాస్త్రవేత్త చేతికి తెలిసేట్టు చేయడానికి తంటాలు పడింది. ఇవేవీ పసిపిల్లల కోసం మొదలైనవి కావు.

1990లో మార్గరెట్ మిన్స్కీ మోటార్లు బిగించిన ఒక జాయ్‌స్టిక్ తో తెర మీది గరుకుదనాన్ని చేతికి అందించింది. ఆమె ఆ వ్యవస్థకి పెట్టిన పేరు 'శాండ్ పేపర్', అంటే ఉప్పు కాగితం! మాంటిస్సోరి కత్తెరతో కత్తిరించినదాన్ని మిన్స్కీ లెక్కలతో తయారు చేసింది. కొద్ది కాలానికే మాసచుసెట్స్ సాంకేతిక సంస్థలో మాసీ, సాలిస్‌బరీ ఫాంటమ్ అనే పరికరం చేశారు. వేలికి దర్జీ తొడుగు లాంటిది తగిలిస్తే అది వేలిని వెనక్కి నెడుతుంది, లేని వస్తువు ఉన్నట్టు తెలుస్తుంది.

ఇది మాయ కాదు, మంచి ఇంజనీరింగ్. ఎంత కష్టమో కూడా తెలియాలి. కంటికి బొమ్మ సాఫీగా కదలాలంటే సెకనుకి పాతిక ముప్ఫయి చిత్రాలు చాలు. వేలికి గట్టి గోడ తగిలినట్టు అనిపించాలంటే యంత్రం సెకనుకి సుమారు వెయ్యి సార్లు బలాన్ని సరిచూసుకోవాలి. తక్కువైతే గోడ వణుకుతుంది, లేదా మెత్తగా దిగిపోతుంది. అందుకే సరైన బలాన్ని ఇచ్చే పరికరాలు ఖరీదు. ప్లే స్కూళ్ళకి అమ్మే గ్లౌజుల్లో, టాబ్లెట్లలో ఉండేది చాలా వరకు అది కాదు. ఫోను మోగినప్పుడు జేబులో వణికే చిన్న మోటారు, అంతే. మన వేలి చర్మంలో స్పర్శని పట్టే గ్రాహకాలు ముఖ్యంగా నాలుగు రకాలు. అంచుని, వంపుని, సాగడాన్ని, జారడాన్ని, వణుకుని వేరువేరుగా పడతాయి. ఈ వణుకు మోటారు ప్రధానంగా వణుకుని పట్టేవాటినే లేపుతుంది. 'అ'కి ఉన్న వంపు వేలికి అందదు, ముట్టుకున్నావు అన్న కబురు మాత్రం అందుతుంది. మేనకోడలికి నేను చెప్పిన మొదటి ప్రశ్న ఇదే. "ఆ గ్లౌజు వేలిని ఆపుతుందా, లేక జుయ్యిమంటుందా?" కనుక్కుంది. జుయ్యిమంటుందట.

నిజంగా పని చేసినదీ ఒకటి ఉంది. ఫ్రాన్సులో గ్రెనోబుల్ పరిశోధకులు దీన్ని ఓపిగ్గా పరీక్షించారు. 2004లో బారా, జాంతాజ్ బృందం బడి మొదలెట్టే ముందు పిల్లలకి ఉబ్బెత్తు అక్షరాలు తడిమించి నేర్పితే, చూపు మాత్రమే వాడిన పిల్లల కన్నా కొత్త మాటలు కూడబలుక్కోవడం బాగా వచ్చిందని తేల్చింది. 2007లో వాళ్ళే టెలిమాక్ అనే పరికరం గురించి రాశారు. దీని కలం పిల్లవాడి చేతిని అక్షరం నడిచే దారిలో, నడవాల్సిన వేగంతో నడిపిస్తుంది. ఐదేళ్ళ పిల్లల రాత పోల్చిన పిల్లల కన్నా సాఫీగా సాగింది. గమనించండి, ఇందులో హెడ్‌సెట్ లేదు, మాయాలోకం లేదు. కాగితం మీద రాసే పనికి వీలైనంత దగ్గరగా యంత్రాన్ని తెచ్చారు. బళ్ళారి అయ్యవారు పిల్లవాడి వేలు పట్టుకుని ఇసుకలో నడిపించిన పనే అది.

2012లో కరిన్ జేమ్స్, ఎంగెల్‌హార్ట్ చదవడం రాని ఐదేళ్ళ పిల్లలతో చేసిన పరిశోధన కూడా ఇటే చూపిస్తుంది. కొందరు అక్షరాల్ని తామే రాశారు, కొందరు చుక్కల మీద దిద్దారు, కొందరు మీట నొక్కారు. తరువాత మెదడు స్కాన్ లో, చదువుకి ఉపయోగపడే ప్రాంతాలు బాగా స్పందించింది తామే రాసిన అక్షరాలకి. వంకర టింకరగా అయినా సరే పిల్లవాడు తన చేత్తో అక్షరాన్ని పుట్టించాలి. స్పర్శ అనేది బయటి నుండి పోసే టానిక్ కాదు.

పసివాళ్ళ మీద తెరల చరిత్ర కూడా ఒక మాట. 1997లో అమెరికాలో మొదటి వీడియోతో బయటికి వచ్చిన బేబీ ఐన్‌స్టైన్ ని 2001లో డిస్నీ కొన్నది. ఫిర్యాదులు వెళ్ళాక 2009లో కొన్నవాళ్ళకి డబ్బు వెనక్కి ఇస్తామంది. 2003లో పట్రీషియా కూల్ తొమ్మిది నెలల అమెరికా పిల్లలకి చైనా భాష వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడితే ఆ ధ్వనుల తేడా పట్టుకున్నారు. అవే మాటలు వీడియోలో వినిపిస్తే ఏమీ పట్టుకోలేదు.

హెడ్‌సెట్ విషయంలో నిజం నిజంగా చెప్పాలి. "కళ్ళు పోతాయి" అని భయపెట్టడం కూడా మూఢనమ్మకమే. 2020లో టిక్సెన్, ఫోలర్ అనే ఇద్దరు 4 నుండి 10 ఏళ్ళ పిల్లలు యాభై మందికి అరగంట చొప్పున రెండు సార్లు హెడ్‌సెట్ పెట్టి చూశారు. చూపుకి గానీ, నిలదొక్కుకోవడానికి గానీ చెప్పుకోదగ్గ హాని కనబడలేదు. గంట సేపటి ప్రయోగం అది, ఏడాది పొడుగునా పెట్టుకుంటే ఏమిటన్నది ఆ ప్రయోగం తేల్చే ప్రశ్న కాదు. కొలతల సమస్య వేరే ఉంది. నాలుగేళ్ళ పిల్లల కంటిపాపల మధ్య దూరం సుమారు 50 మిల్లీమీటర్లు. 2020లో వచ్చిన క్వెస్ట్ 2 హెడ్‌సెట్ లో పెట్టుకోగలిగే అతి తక్కువ దూరం 58. బరువు అర కిలో. పైగా అద్దాలు కంటి ఫోకస్ ని ఒకే దూరంలో నిలిపేస్తే, బొమ్మ దగ్గరికి వచ్చినప్పుడల్లా రెండు కళ్ళూ లోపలికి తిరగాలి. ఈ పేచీతో పెద్దవాళ్ళకే తలనొప్పి వస్తుంది. 1995లో నింటెండో తన వర్చువల్ బాయ్ మీద ఏడేళ్ళ లోపు పిల్లలకి వద్దని రాసింది. మెటా కంపెనీ 13 ఏళ్ళున్న హద్దుని 2023లో పదేళ్ళకి దించింది, నాలుగుకి కాదు. తయారు చేసినవాడే వద్దన్న వయసుకి మన ప్లే స్కూలు అమ్ముతోంది.

మనసు మీద ప్రభావం గురించి రెండు పరిశోధనలు ఉన్నాయి. 2009లో సెగోవియా, బైలెన్సన్ పిల్లలకి తాము తిమింగలాలతో ఈదినట్టు వర్చువల్ రియాలిటీలో చూపించారు. బడి వయసు పిల్లలు కొందరు కొన్నాళ్ళకి అది నిజంగా జరిగిందని చెప్పారు. ఇంకా చిన్నపిల్లలకి హెడ్‌సెట్ కూడా అక్కర్లేదు, మాటలతో చెప్పినా అంతే సులభంగా నమ్మేశారు! మన అద్వైతులు జగత్తు మిథ్య అన్నారు. ఆ వయసులో మిథ్య కూడా జగత్తే. 2019లో జాకీ బెయిలీ బృందం సెసమీ స్ట్రీట్ లోని గ్రోవర్ బొమ్మని 4 నుండి 6 ఏళ్ళ పిల్లలకి చూపించింది. టీవీలో చూసినవాళ్ళ కన్నా హెడ్‌సెట్ లో చూసినవాళ్ళు తమని తాము ఆపుకోవాల్సిన ఆటలో తడబడ్డారు. పంచుకోవడంలో మాత్రం ముందున్నారు. ఈ ఫలితాలతో నిషేధించమని అరవలేం, కొనమని కూడా చెప్పలేం.

2023 ఫిబ్రవరిలో ఎన్.సి.ఇ.ఆర్.టి. మూడు నుండి ఎనిమిదేళ్ళ పిల్లల కోసం 'జాదూయీ పిటారా' అని ఒక పెట్టె విడుదల చేసింది. బొమ్మలు, పజిల్స్, తోలుబొమ్మలు, కథల కార్డులు, చేతికి తగిలే సామాను అంతా ఉంది. ఆలోచన సరైనదే. దానికి ఆధారమైన 2022 పాఠ్య ప్రణాళికలో పంచకోశాల ప్రస్తావన ఎందుకు పెట్టారో వాళ్ళకే తెలియాలి. అన్నమయ కోశం ఎదిగిందో లేదో కొలిచే బద్ద ఏ అంగన్‌వాడీలోనూ నాకు కనబడలేదు. అంగన్‌వాడీ టీచరు మీద జనగణన నుండి గుడ్ల పంపిణీ దాకా అన్ని పనులూ వేసి, పిల్లలతో కూర్చునే గంట మిగలనివ్వకపోతే పెట్టె మూత తీసేది ఎవరు? ఇదే డబ్బుని హెడ్‌సెట్లకి మళ్ళించాలని ఎవరైనా అంటే నేను అడిగేది కూడా ఇదే.

ఇక అమ్మేవాళ్ళకి ఒక పరీక్ష చెబుతాను, కష్టమైనది కాదు. నాలుగు నిండిన అరవై మంది పిల్లల్ని చీటీలు తీసి మూడు గుంపులు చేయండి. ఒక గుంపుకి మీ హెడ్‌సెట్, గ్లౌజు. ఒక గుంపుకి ఉప్పు కాగితం అక్షరాలు. ఒక గుంపుకి పళ్ళెంలో ఇసుక. టీచరు మారకూడదు, రోజుకి ఇచ్చే నిమిషాలు మారకూడదు, అవే పది అక్షరాలు. ఆరు వారాల తరువాత ఏ పిల్లవాడు ఏ గుంపులో ఉన్నాడో తెలియని మనిషి వచ్చి అక్షరాలు గుర్తుపట్టించాలి, రాయించాలి. మూడు నెలలు ఆగి మళ్ళీ ఒకసారి. మామూలుగా ఇలాంటి కంపెనీలు తమ పిల్లల్ని ఏమీ నేర్పని పిల్లలతో పోల్చి గెలిచామంటాయి, అది కుదరదు. పోటీ ఇసుకతో ఉండాలి. పళ్ళేలు, ఇసుక మా సంఘమే తెస్తుంది.